చెప్పే నోరు, రాసే చెయ్యి

శనివారం సాయంత్రం అమీర్‌పేటలో, మైత్రీవనం వెనక సందులో కొత్త ఫ్లెక్సీ కడుతుంటే ఒలీవియా కింద నిలబడి చూసిన దగ్గర పోయిన భాగంలో మనం ఆగాం. తెలుగు మీడియంలో సివిల్స్ రాసేవాళ్ళకు ఫిలాసఫీ చెప్పే కోచింగ్ సెంటరు అది. ఇన్నేళ్ళుగా అక్కడి ప్రతి ఫ్లెక్సీ మీదా రత్నమాల మేడమ్ ఫొటో పక్కన, ఆవిడతోపాటు పాఠం చెప్పే ఒలీవియా ఫొటో ఉండేది. కొత్తదాంట్లో ఆ చోట ఫణీంద్ర అనే కొత్త లెక్చరర్ నవ్వుతున్నాడు. ఆమెకు ఎవరూ ఒక్క మాట చెప్పలేదు. రత్నమాలకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. సెంటరు నడిపే ఆవిడ తమ్ముడు చలపతిరావు ఎత్తాడుగాని, "అక్కయ్య నిర్ణయం అమ్మా, నన్నేం అడక్కు" అని పెట్టేశాడు.

ఒలీవియాకు నెలలు నిండుతున్నాయి. ఇంటికి వచ్చి చెబితే భర్త రోషన్, "పోనీ తియ్ ఒలీ. కాన్పయ్యేదాక రెస్ట్ దొరికిందనుకో. గంత ఫికర్ ఎందుకు?" అన్నాడు.  ఆదివారం పొద్దున్నే ఆమె తల దువ్వుకుని, ఉచిత డెమో క్లాసుకు వచ్చే పిల్లలతోపాటు సెంటరు మెట్లెక్కింది. ప్రతి మలుపులోనూ ఆగి, గోడకు చెయ్యి ఆనించి, ఊపిరి తీసుకుని మళ్ళీ ఎక్కింది. వెనక వస్తున్న పిల్లలు ఆమెను దాటుకుని పరిగెత్తారు.

హాలు కిక్కిరిసి ఉంది. డెమో క్లాసంటే అమీర్‌పేటలో బేరం లాంటిది. పిల్లలు ఒకచోట విని, బయట టీ తాగి, ఇంకోచోట వింటారు. ఎవరి మాట బాగుంటే వాళ్ళ దగ్గర చేరతారు. రత్నమాల మాటకు ఎదురు లేదని ఆ సందులో అందరికీ తెలుసు. ముప్ఫై ఏళ్ళకు పైగా యూనివర్సిటీలో పాఠం చెప్పి రిటైరైన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. ఆవిడ దగ్గర చదివిన ఆడపిల్లలు జిల్లా కలెక్టర్లయ్యారు, లాయర్లయ్యారు, మొగుళ్ళను వదిలేశారు, కొందరు ఆవిడ పేరు కూతుళ్ళకు పెట్టుకున్నారు.

ఒలీవియా చివరి వరసలో, డెస్కుకూ బెంచీకీ మధ్య ఇరుక్కుని కూర్చుంది.

వేదిక మీద రత్నమాల కుర్చీలో కూర్చుని ఉంది. నీలం నేత చీర, పొట్టి జుట్టు. పైటకు కాలరు మైకు. కుడి చెయ్యి పైట కింద ఉంది, దాన్ని ఎడమ చెయ్యి పట్టుకుని ఉంది. పక్కన ఫణీంద్ర మార్కరు పట్టుకుని, ఆవిడ చెప్పిన మాటల్లో ముఖ్యమైనవి బోర్డు మీద రాస్తున్నాడు. నిన్నమొన్నటి దాకా అక్కడ నిలబడి రాసింది ఒలీవియా.

"నాలుగు వందల ఏళ్ళ కిందట ఫ్రాన్సులో పుట్టిన ఒకాయన," అంటోంది రత్నమాల, "చలికాలం ఒక వెచ్చటి గదిలో కూర్చుని ఒక్కొక్కదాన్నీ అనుమానించడం మొదలుపెట్టాడు. కళ్ళు చూపించేది అబద్ధం కావచ్చు. ఈ చేతులు, ఈ ఒళ్ళు కలలోవి కావచ్చు. అన్నీ తీసేస్తే ఏం మిగిలింది? అనుమానించే ఆలోచన మిగిలింది. అంటే నేనంటే ముందు ఆలోచన. ఒళ్ళు తర్వాతి సంగతి."

ఆవిడ ఆగింది. ఎక్కడ ఆగాలో ఆవిడకు తెలుసు.

"ఆయన ఆడవాళ్ళ హక్కుల గురించి పుస్తకం రాయలేదు. ఆయన్ని చదివినవాళ్ళు రాశారు. ఆలోచన వేరు, ఒళ్ళు వేరు అయినప్పుడు, ఆడ మగ తేడా ఒంట్లో ఉంటుందిగాని ఆలోచనలో ఎక్కడుంటుందని అడిగారు. లేనప్పుడు చదువెందుకివ్వరు, కోర్టులోకి ఎందుకు రానివ్వరు? ఆ తర్వాత ఇంగ్లండులో ఒకావిడ ఇంకా ముందుకెళ్ళింది. రాజుకు సర్వాధికారం ఉందంటే ఒప్పుకోని మీరు, ఇంట్లో మొగుడికి ఉందంటే ఎలా ఒప్పుకుంటున్నారని మగవాళ్ళను నిలదీసింది. ఈ రోజు మీ ఊళ్ళోంచి ఒక ఆడపిల్ల బస్సెక్కి వచ్చి ఈ హాల్లో కూర్చుందంటే, ఆ గదిలో మొదలైన అనుమానం దారి చేసుకుంటూ ఇక్కడిదాకా వచ్చిందన్నమాట. గుర్తుపెట్టుకోండి. ఆలోచనకు మీసాలుండవు. గాజులుండవు."

హాలంతా చప్పట్లు కొట్టింది. ఆ మాటకు ఎప్పుడూ కొడతారు.

ఒలీవియా ఆ మాట మొదటిసారి విన్నప్పుడు ఇంటర్ పాసై డిగ్రీలో చేరిన పిల్ల. తల్లి అమృతమ్మ కృష్ణానగర్‌లో జూనియర్ ఆర్టిస్టు. పెళ్ళి సీను అయితే పట్టుచీర కట్టుకుని వెనక వరసలో అక్షింతలు చల్లేది, సంత సీను అయితే బుట్ట పట్టుకునేది. పొద్దున్నే రోడ్డు పక్కన ఆడవాళ్ళను వరసగా నిలబెట్టి, కోఆర్డినేటర్ ఒక్కొక్కరినీ పైనుంచి కిందకు చూసి వేలితో ఏరేవాడు. ఒకరోజు తల్లికి టిఫిన్ డబ్బా ఇవ్వడానికి వెళ్ళిన ఒలీవియాను అతను చూశాడు. గడ్డం పట్టుకుని ముఖం వెలుగులోకి తిప్పి, "గీ పిల్ల సుత పనికొస్తది," అన్నాడు. అమృతమ్మ తల దించుకుని డబ్బా అందుకుంది. ఆ వారమే కాలేజీకి వచ్చిన రత్నమాల ఉపన్యాసం విని, ఆ పిల్ల ఇంటికెళ్ళి బాత్రూంలో తలుపేసుకుని ఏడ్చింది. ముఖం, ఒళ్ళు కాక తనకు ఇంకొకటి ఉందని, దాన్ని ఎవరూ గడ్డం పట్టి తిప్పలేరని అంతకుముందు ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆ తర్వాత మధురానగర్ హాస్టల్లో చేరింది. రత్నమాల దగ్గరే ఎమ్మే, రత్నమాల దగ్గరే పీహెచ్‌డీ. తన బతుకులో మంచిదంతా ఆవిడ చలవేనని ఒలీవియా ఎక్కడైనా చెప్పేది.

ఇప్పుడామె చెయ్యెత్తింది.

రత్నమాల ముందే చూసింది ఆమెను. అయినా కాసేపు చూడనట్టు ఉండి, తర్వాత, "అడుగు," అంది.

"ఆయనకు ఒక రాకుమారి ఉత్తరాలు రాసింది మేడమ్. రాజ్యం పోగొట్టుకుని పరాయి దేశంలో బతుకుతున్న కుటుంబం వాళ్ళది. ఒళ్ళు లేని ఆలోచన ఒంటిని ఎలా కదిలిస్తుందని అడిగింది. ఆయన సరిగా చెప్పలేకపోయాడు. ఈ క్లాసులో ఆ సంగతి మీరు ఎప్పుడూ చెప్పేవారు. ఈ రోజు వదిలేశారు."

"డెమో క్లాసులో అన్నీ చెప్పరు."

"ఆవిడ ఇంకోటి కూడా రాసింది. జ్వరమొస్తే, దిగులుపడితే, ఇంటి బాధ్యతలు మీదపడితే తన ఆలోచన సాగడం లేదంది. అంటే ఒళ్ళు తర్వాతి సంగతి కాదంది. ఆయన్ని మొదట నిలదీసింది ఒక ఆడమనిషే. ఒంటిని పక్కన పెట్టేసి సమానమయ్యాం అనుకున్న ఆడవాళ్ళ ఒళ్ళు ఎవరు చూసుకున్నారు మేడమ్? వాళ్ళకు వంట ఎవరు చేశారు?"

హాల్లో కొందరు వెనక్కి తిరిగారు. తలుపు దగ్గర నిలబడ్డ చలపతిరావు నుదురు తుడుచుకున్నాడు.

"నా ఇంట్లో సీతాబాయి చేస్తుంది," అంది రత్నమాల. "జీతమిస్తాను. నీకు బాధగా ఉంటే పంజాగుట్ట వచ్చి ఆవిణ్ణి అడుగు." నవ్వులు వినిపించాయి. నవ్వులు ఆగేదాకా ఆవిడ ఆగింది. "ప్రశ్న అడిగేటప్పుడు లేచి నిలబడడం మరిచిపోయావా ఒలీవియా? నిలబడు. అందరికీ కనపడాలి."

ఒలీవియా డెస్కు మీద రెండు చేతులూ ఆనించి లేచింది. లేవడానికి టైం పట్టింది.

"చూడండి," అంది రత్నమాల, పిల్లలతో. గొంతులో కోపమేమీ లేదు, పాఠం చెబుతున్నట్టే ఉంది. "ఈవిడ డాక్టర్ ఒలీవియా. నా స్టూడెంట్. ఫ్లెక్సీ మీద ఎందుకు లేదని పొద్దుట్నుంచి కొందరు అడుగుతున్నారట. చెబుతాను. పోయిన నెల ఈవిడ క్లాసు మధ్యలో కూర్చుండిపోయింది. ఇంకోసారి, తర్కం అంటే ఏమిటో చెబుతూ, వాక్యం సగంలో ఆపి బాత్రూంకి పరిగెత్తింది. ఆ వాక్యం ఇంకా పూర్తి కాలేదు. మీరు ఏళ్ళకేళ్ళు తల్లిదండ్రుల కడుపు కట్టి చదువుతున్నారు. మీకు ఆలోచించే మనిషి కావాలా, మోసే మనిషి కావాలా?"

ఈసారి ఎక్కువమంది నవ్వారు. ఆడపిల్లలు కూడా నవ్వారు.

ఒలీవియా, "ఇది జవాబు కాదు మేడమ్," అంది.

"ఇంకా కాలేదు. వీళ్ళమ్మ కృష్ణానగర్‌లో జూనియర్ ఆర్టిస్టు. అంటే తెలుసుగా. రోడ్డు మీద వరసగా నిలబడితే, ఒళ్ళు చూసి ఏరుకుని, సాయంత్రం దాకా అద్దెకు తీసుకెళ్తారు. ఆ వరసలోంచి ఈ పిల్లని నేను లాక్కొచ్చాను. నీది ఒళ్ళు కాదు, ఆలోచన అని చెప్పి, పదహారేళ్ళు చెక్కాను. ఇప్పుడు చూడండి. తిరిగి తిరిగి ఆ ఒంటి దగ్గరికే పోయింది. ఎక్కడి మనిషి అక్కడికే."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఫణీంద్ర బోర్డు వైపు తిరిగి, రాయడానికేమీ లేకపోయినా రాస్తున్నట్టు నిలబడ్డాడు. ముందు వరసలో కూర్చున్న మానస అనే అమ్మాయి పెన్ను కింద పెట్టేసింది.

 తల్లి గురించి ఒలీవియానే చెప్పింది రత్నమాలకు, ఎప్పుడో, పంజాగుట్టలో ఆవిడ ఇంటి బాల్కనీలో. ఇంకెవరికీ చెప్పని సంగతి. దానికి బదులుగా రత్నమాల కూడా ఇంకెవరికీ చెప్పని సంగతి ఒకటి ఈ వేసవిలో ఆమెకు చెప్పింది. పార్కిన్సన్స్ అని డాక్టర్ అన్నాడని, తమ్ముడికి కూడా తెలియకూడదని, తెలిస్తే ఆ రోజే తనను మూల కూర్చోబెడతారని. అప్పట్నుంచి బోర్డు మీద రాసే పని ఒలీవియా తన మీద వేసుకుంది. మేడమ్ చెబుతుంటే తను రాస్తే పిల్లలకు బాగా అర్థమవుతుందని అందరితో అంది. కాఫీ కప్పు సగం వరకే నింపి ఇచ్చేది. సంతకం పెట్టాల్సి వస్తే పక్కన నిలబడి కాగితం జరగకుండా పట్టుకునేది.

బెంచీల మధ్య దారిలో ఆమె మెల్లగా ముందుకు నడిచింది. వేదిక ఎక్కి ఫణీంద్ర ముందు చెయ్యి చాపింది. అతను ఏమనుకున్నాడో, మార్కరు ఇచ్చేశాడు. దాని మూత తీసి వెనక చివర తగిలించి, ఆమె రత్నమాల ముందు పట్టుకుంది.

"ఆలోచనకు మీసాలుండవన్న ఆ వాక్యం బోర్డు మీద రాయండి మేడమ్. పిల్లలు రాసుకుంటారు."

రత్నమాల కళ్ళెత్తి చూసింది. ఒక్క క్షణం ఆ కళ్ళలో ఏ పాఠమూ లేదు, భయం ఒక్కటే ఉంది. ఒలీవియా చూసింది. చూసి కూడా చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"నేను రాస్తాను లెండి," అన్నాడు ఫణీంద్ర.

"మీరు కాదు సార్. మేడమ్ రాయాలి."

చలపతిరావు తలుపు దగ్గర నుంచి, "ఇప్పుడెందుకమ్మా ఇవన్నీ, అక్కయ్యకు జలుబు చేసింది..." అని నసిగాడు. రాయడానికీ జలుబుకూ సంబంధమేమిటో ఎవరికీ అర్థం కాలేదు. తమ్ముడికి తెలిసిపోయి ఉందని రత్నమాలకు మాత్రం ఆ మాటతోనే అర్థమైంది.

ఆవిడ మార్కరు అందుకుంది.

లేవడానికి కుర్చీ చేతిని పట్టుకుంది. చిన్న చిన్న అడుగులు వేసుకుంటూ బోర్డు దాకా వెళ్ళింది. పైట కింద నుంచి బయటికి వచ్చిన కుడి చేతిని హాలంతా చూసింది. బొటనవేలు, చూపుడు వేలు ఒకదానిమీదొకటి రుద్దుకుంటున్నట్టు ఆగకుండా కదులుతున్నాయి. మార్కరు బోర్డుకు తగలగానే వణుకు కాస్త తగ్గింది. 'ఆలో' అన్న రెండక్షరాలు బాగానే, పెద్దగానే పడ్డాయి. మూడోది చిన్నదైంది. ఆ తర్వాతవి ఒకదానికంటే ఒకటి చిన్నవవుతూ, ఒకదానిమీదొకటి పడుతూ, కిందకు జారుతూ పోయాయి. 'మీసాలు' అన్నచోట చీమలు పాకినట్టు నల్లటి గీత మిగిలింది. ఆవిడ మాత్రం ఆపలేదు. భుజం కదులుతోంది, మోచెయ్యి కదులుతోంది, వేళ్ళు కదలడం లేదు.

"మేడమ్, కనిపిస్తలేదు. జర పెద్దగ రాయున్రి," అన్నాడు వెనక వరస నుంచి ఒక అబ్బాయి. నిజంగానే కనపడక అన్నాడు. పక్కనున్నవాడు నవ్వాడు. ఆ నవ్వు వరస నుంచి వరసకు పాకింది. ఫోన్లు పైకి లేచాయి.

రత్నమాల వాక్యం పూర్తి చేసింది. అక్కడ వాక్యం ఉందని ఆవిడకు తప్ప ఎవరికీ తెలియదు. తర్వాత మార్కరుకు మూత పెట్టబోయింది. మూత పక్కకు జారింది. మళ్ళీ పెట్టబోయింది. మూత మార్కరుకు తగిలి టకటక చప్పుడు చేసింది, కాలరు మైకు ఆ చప్పుడును హాలంతా వినిపించింది.

ఒలీవియా మూరెడు దూరంలో నిలబడి ఉంది. చెయ్యి చాపితే చాలు. చాపలేదు.

ఆఖరికి మూత కింద పడింది. రత్నమాల తిరిగి కుర్చీ దగ్గరికి వచ్చి కూర్చుని, చెయ్యి పైట కింద పెట్టుకుని, "ఈ రోజుకు చాలు," అంది.

* * *

క్లాసయ్యాక ఆఫీసు గదిలో రత్నమాల కూర్చుంది, ఒలీవియా తలుపు దగ్గర నిలబడింది. చలపతిరావు ఫోన్ చూస్తూ ఇటూ అటూ తిరుగుతున్నాడు.

"ఫణీంద్ర తన యూట్యూబ్ చానెల్లో పెట్టేశాడక్కయ్యా. చెయ్యి ఒక్కటే కట్ చేసి పెట్టాడు. కింద ఏం రాశాడో తెలుసా? ఇదీ ఆడవాళ్ళ తర్కం అని. ఒకళ్ళకు కడుపు, ఒకళ్ళకు వణుకు అని. వేలమంది చూసేశారు. ఇప్పుడు ఫోన్ చేసి, సెంటరు మొత్తం తన పేరు మీద నడిపితే వీడియో తీసేస్తానంటున్నాడు."

"నీకు ఎప్పట్నుంచి తెలుసు?" అంది రత్నమాల.

"ఏంటి?"

"నా జబ్బు."

చలపతిరావు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "సీతాబాయి చెప్పింది. మరి ఫణీంద్రను ఎందుకు తెచ్చాననుకున్నావు? నువ్వు ఒలీవియాను తీసేద్దామన్నప్పుడు నేను సరేనన్నానంటే, నీ మాట విని కాదు. ఆవిడ ఉంటే నువ్వు ఉంటావు. రాసి పెడుతుంది, కప్పిపెడుతుంది. ఆవిడ పోతే ఆరు నెలల్లో నువ్వే తప్పుకుంటావు. బిజినెస్ కదక్కయ్యా."

"బయటికి వెళ్ళు," అంది రత్నమాల.

అతను వెళ్ళాక ఒలీవియా తలుపు దగ్గరి కుర్చీలో కూర్చుంది. కాళ్ళు వాచి ఉన్నాయి. చెప్పులు విడిచి, చల్లటి గచ్చు మీద పాదాలు పెట్టింది. క్షమించమని తను అడగాలా, ఆవిడ అడగాలా అని ఆలోచించింది. రత్నమాల ముఖం చూస్తే ఇద్దరిలో ఎవరూ అడిగేలా లేరు.

"మంచి పని చేశావు," అంది రత్నమాల. "ప్రశ్నకు జవాబు అక్కడే చూపించావు. నేనైనా అదే చేసేదాన్ని."

"మా అమ్మ పేరు ఎత్తకుండా ఉండాల్సింది."

"ఎత్తకపోతే నువ్వు వేదిక దాకా వచ్చేదానివి కాదు. ఏడ్చి ఇంటికి పోయేదానివి. నేనది కోరుకున్నాను, ఏడ్చి పోవాలని. లెక్క తప్పింది."

"నన్నెందుకు తీసేశారు? నిజం చెప్పండి. బాత్రూంకి వెళ్ళానని కాదుగా."

రత్నమాల కిటికీ వైపు చూసింది. కిటికీలో మెట్రో స్తంభం, దాని వెనక ఇంకో కోచింగ్ సెంటరు ఫ్లెక్సీ కనపడుతున్నాయి.

"నిన్ను చూడలేకపోయాను," అంది. "నువ్వు బోర్డు దగ్గర నిలబడి నా మాటలు రాస్తుంటావు. నీకు తెలియకుండానే నీ ఒళ్ళు ఒక మనిషిని తయారుచేస్తోంది. కళ్ళు, గోళ్ళు, అన్నీ. ఎవరూ చెప్పకుండా, ఏ ఆలోచనా లేకుండా. నేను ఇక్కడ కూర్చుని నా చూపుడు వేలికి ఆగమని చెబుతుంటాను, ఆగదు. పొద్దున సీతాబాయి జాకెట్టు హుక్కులు పెడుతుంది. అన్నం కలిపి ఇస్తుంది. బతుకంతా ఒళ్ళంటే ఏమీ కాదని చెప్పాను. అది విని ఊరుకుని, ఇప్పుడు పగ తీర్చుకుంటోంది. నీ కడుపు చూసినప్పుడల్లా నీ ఒళ్ళు నీతో సఖ్యంగా ఉందని కడుపు మండేది. అంతే. దీనికి తర్కం లేదు."

ఒలీవియాకు జాలి వేయలేదు. వేస్తుందేమోనని కాసేపు చూసుకుంది.

"సఖ్యంగా లేదు మేడమ్," అంది. "రాత్రిళ్ళు పిక్కలు పట్టేస్తాయి. నడుము విరిగిపోతుంది. మీరు అడిగి ఉంటే చెప్పేదాన్ని."

"నేనెందుకు అడుగుతాను."

 తర్వాత రత్నమాల, బేరానికి దిగిన మనిషిలా కుర్చీలో ముందుకు జరిగింది.

"విను. ఫణీంద్రకు ఈ సెంటరు ఇవ్వను. నేను క్లాసు చెప్పడం ఆపితేనే వాడి చేతికి పోతుంది. ఆపను. రేపు బ్యాచ్ మొదలవుతుంది. నా గొంతు ఇంకా ఉంది. ఇంకో ఏడాదికి అదీ లోపలికి పోతుందని డాక్టరన్నాడు. అందాకా నాకు చెయ్యి కావాలి. బోర్డు మీద రాసే చెయ్యి. నువ్వు రా."

"క్లాసు చెప్పడానికా?"

"కాదు. రాయడానికి. నేను చెబుతాను, నువ్వు రాస్తావు. నోరెత్తకూడదు. ప్రశ్నలు అడగకూడదు, పిల్లలు అడిగినా జవాబివ్వకూడదు. కాన్పుకు పోయి రా, మళ్ళీ రాయి. నా గొంతు పోయిన రోజున ఈ హాలూ, ఈ బోర్డూ నీవి. తమ్ముడు కాదనలేడు, సగం వాటా నాది."

"అంటే నేను మనిషిని కాదు. మీ చెయ్యిని."

"మీ అమ్మ చేసిన పనే," అంది రత్నమాల. "వెనక వరసలో నిలబడడం. మాటలుండవు."

ఒలీవియా ఆవిణ్ణి చూసింది. ఇంత జరిగాక కూడా, నడవడానికి గోడ పట్టుకోవాల్సిన స్థితిలో కూడా, ఎక్కడ కొడితే ఎక్కువ నొప్పి పుడుతుందో అక్కడ కొట్టడంలో ఆవిడ నోటికి గురి తప్పడం లేదు.

"సరే," అంది ఒలీవియా.

రత్నమాల ఆశ్చర్యపోయింది. కాదంటుందని సిద్ధపడి ఉంది. "సరేనా?"

"సరే మేడమ్. రేపు వస్తాను."

చెప్పులేసుకుని ఆమె వెళ్ళిపోయింది.

సాయంత్రం ఈ సంగతి విని రోషన్ తింటున్న కంచం ముందునుంచి లేచి నిలబడ్డాడు. "అత్తమ్మను గట్ల అన్నదానికాడికి మళ్ళ పోతవా? క్లాసంత ఎవరో వీడియో తీసిన్రు, అత్తమ్మ చూసింది ఒలీ. ఫోన్ల ఒక్క మాట మాట్లాడలే. నీకేమైంది, చెప్పు జర," అన్నాడు. ఒలీవియా అతని కంచంలోకి ఇంకాస్త కూర వడ్డించి, కూర్చోమంది. 

* * *

సోమవారం హాలు ఆదివారం కంటే ఎక్కువ నిండింది. చదువుకోవడానికి వచ్చినవాళ్ళు కొందరు, వీడియోలో చూసిన చేతిని ఎదురుగా చూడడానికి వచ్చినవాళ్ళు చాలామంది. ఫణీంద్ర తలుపు పక్కన గోడకు ఆనుకుని, ఫోన్ ఛాతీ ఎత్తులో పట్టుకుని నిలబడ్డాడు. చలపతిరావు అతన్ని పొమ్మనలేదు.

రత్నమాల పిల్లల వైపు తిరిగి, వీపు బోర్డుకు పెట్టి కూర్చుంది. రెండు చేతులూ ఒళ్ళో, పైట కింద ఉన్నాయి. ఒలీవియా ఆవిడ వెనక, బోర్డు దగ్గర నిలబడింది. 

"నిన్న చూసింది చూశారు," అంది రత్నమాల మైకులో. గొంతు ఖంగుమంది. "నా చెయ్యి నా మాట వినదు. నాకు సిగ్గేమీ లేదు. చెయ్యి పోయినా పాఠం పోదు. ఇప్పట్నుంచి నేను చెబుతాను, ఈవిడ రాస్తుంది. పెన్నులు తీయండి."

తీశారు. నిన్న నవ్వినవాళ్ళు కూడా తీశారు. అంత జరిగాక ఆ గొంతు అలా పలకడం చూసి హాలు ఆవిడ చేతిలోకి మళ్ళీ వచ్చేసింది. ఫణీంద్ర ముఖంలో నవ్వు పోయింది.

"మొదటి వాక్యం. ఆలోచనకు మీసాలుండవు, గాజులుండవు."

ఒలీవియా రాసింది. గుండ్రటి పెద్ద అక్షరాలు, చివరి వరసకు కూడా కనపడేలా. పిల్లలు రాసుకున్నారు.

"రెండో వాక్యం. ఒళ్ళు ఆలోచనకు పనిముట్టు. పనిముట్టుకు సొంత మాట ఉండదు."

వెనక మార్కరు కదిలిన చప్పుడు రత్నమాలకు వినపడింది. కాస్త ఎక్కువసేపే వినపడింది. ఆగింది. ఆవిడ మూడో వాక్యానికి నోరు తెరవబోతూ పిల్లల్ని చూసింది. ఎవరూ రాయడం లేదు. అందరూ ఆవిడ తల మీదుగా బోర్డు వైపు చూస్తున్నారు. పెన్నులు గాలిలోనే ఆగిపోయాయి.

బోర్డు మీద, మొదటి వాక్యం కింద, అంతే గుండ్రటి అక్షరాలతో ఇలా ఉంది: 'ఈ పాఠం రాస్తున్న చెయ్యి ఈ పాఠాన్ని ఒప్పుకోవడం లేదు. ఇన్నాళ్ళూ ఎవరూ దాన్ని అడగలేదు.'

రత్నమాల తల తిప్పబోయింది. మెడ బిగుసుకుపోయింది, తిరగలేదు. లేచి తిరగాలంటే ఫణీంద్ర ఫోన్ ముందు మళ్ళీ ఆ చెయ్యి బయటపెట్టాలి, కుర్చీతో సహా తిరగాలంటే తిప్పడానికి ఇంకొకరు కావాలి. ఒలీవియా కదల్లేదు. నోరెత్తనని మాట ఇచ్చింది, దాన్ని నిలబెట్టుకుంది.

ముందు వరసలో మానస చెయ్యెత్తింది. "మేడమ్," అంది, "గిప్పుడు ఏది రాసుకోవాలె? మీరు చెప్పిందా, బోర్డు మీదున్నదా?"

 తలుపు పక్కన ఫణీంద్ర ఫోన్ ఇంకాస్త పైకెత్తాడు.

"బోర్డు మీద ఏముంది?" అంది రత్నమాల. "నిన్నే అమ్మాయీ. లే. బోర్డు మీద ఏముందో పైకి చదువు."

మానస ఒలీవియా వైపు చూసింది. ఒలీవియా చదవమన్నట్టు తల ఊపింది. ఆ పిల్ల లేచి నిలబడింది.